అమ్మిన పొయ్యి

మా అమ్మ తన మెస్సును అమ్మిన కాగితం ఆమెకు చదివి వినిపించింది నేనే. డెబ్బై మూడు ఏప్రిల్. పొద్దుటి వంట దిగింది. మధ్యాహ్నం తినేవాళ్లు రావడానికి ఇంకా గంట టైముంది. కింద మూడు బొగ్గు పొయ్యిలు, పైన రేకులు. చెమట వేళ్లకు అక్షరాలు అలుక్కుపోతాయేమోనని కాగితాన్ని అంచులు పట్టుకుని చదివాను.

మా మెస్సు గోదావరిఖనిలో, ఏటి నుంచి గనుల వైపు వచ్చే లారీల దారి పక్కన ఉండేది. బొగ్గు తీసేసిన చోట నేల కుంగిపోకుండా గని లోపల ఇసుక నింపుతారు. ఆ ఇసుకంతా గోదావరిది. దాన్ని తట్టలతో ఎత్తి లారీల్లో పోసే కూలీలు రెండు వందల మంది ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు. గని కార్మికులకున్న క్వార్టర్లు, దవాఖాన, పండగ బోనసు వీళ్లకు లేవు. కమాన్‌పూర్ చుట్టుపక్కల పల్లెల నుంచీ, ఏటి అవతల చెన్నూరు వైపు నుంచీ ఒంటరిగా వచ్చి, పది మంది కలిసి ఒక గుడిసె వేసుకుని బతికేవాళ్లు. వాళ్లలో సగానికి పైగా రెండు పూటలా తినేది మా దగ్గరే. మా నాన్న అంద్రెయ, గనిలో పైకప్పు కూలి చనిపోయిన ఏడు, అమ్మ ఒక పొయ్యితో మొదలుపెట్టింది. పన్నెండేళ్లలో అది మూడు పొయ్యిలైంది. దారిన పోయే లారీ డ్రైవర్లు కూడా ‘రాహేలక్క మెస్సు కాడ దింపు’ అనేంతగా ఆ చోటుకు అమ్మ పేరే స్థిరపడిపోయింది.

ఆ పన్నెండేళ్ల పొగ అమ్మ కళ్లను తినేసింది. పొయ్యి ముందు నుంచి లేవకపోతే చూపు దక్కదని మంచిర్యాల డాక్టరు చెప్పాడు. అదే నెలలో నాకు వరంగల్‌లో టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చేలా ఉందని తెలిసింది. అమ్మ వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, “అమ్మేద్దాం బిడ్డా” అంది.

కొంటానన్నది లింగమూర్తి. కాంట్రాక్టరు దగ్గర లారీల ట్రిప్పులు రాసే గుమాస్తా. ఎనిమిదేళ్లుగా మా దగ్గరే తింటున్నాడు. అమ్మను అక్కా అనేవాడు, నేను మామా అనేదాన్ని. ఒకసారి టైఫాయిడ్ వచ్చి పడిపోతే ఇరవై రోజులు మా ఇంట్లోనే, మా నాన్న మంచం మీదే పడుకున్నాడు. అమ్మ గంజి కాచి పోసింది. మార్చి చివర్లో కాంట్రాక్టరుతో గొడవపడి పని మానేశానని, ఇక ఆ లారీల మొహం చూడనని మాకు చెప్పాడు.

అమ్మ అతనికి మూడు మాటలు చెప్పింది. తనతో పాటు పన్నెండేళ్లుగా వంట చేస్తున్న పూలమ్మను తీసెయ్యొద్దు. మారు అన్నం అడిగితే కాదనొద్దు. ఆకలని వచ్చినవాణ్ణి ఊరూ పేరూ అడగకుండా పెట్టాలి. లింగమూర్తి అమ్మ చేతిలో చెయ్యి వేసి, “నీ పొయ్యి ఎట్లున్నదో గట్లనే ఉంటది అక్కా” అన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల ఎప్పుడూ తుడుచుకుంటూనే ఉండేది కాబట్టి అది ఏడుపో కాదో చెప్పలేను.

కాగితం చదువుతున్నాను. రేకుల షెడ్డు, వంట గంజులు, డేక్సాలు, బల్లలు, ‘రాహేలక్క మెస్సు’ అను పేరుతో సహా.

“పేరెందుకు తమ్మీ నీకు?” అని అమ్మ నవ్వింది.

“బోర్డు మారిస్తె జనం బెదురుతరు అక్కా. వంట మారిందేమో అనుకుంటరు.”

“గదీ నిజమే” అంది అమ్మ.

దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఈ తేదీ మొదలు ఐదేండ్ల వరకు అమ్మకందారు గానీ, ఆమె తరఫువారు గానీ ఈ ఇలాకాలో పైకానికి గానీ ఉచితంగా గానీ పదిమందికి వంట చేసిపెట్టే పని చేయరాదు. నేను దాన్ని మనసులో చదువుకున్నాను. ‘ఉచితంగా గానీ’ దగ్గర కళ్లు ఆగాయి. మెస్సు కొనేవాడికి ఉచితంగా పెట్టే అన్నంతో ఏం పని అనుకున్నాను. అమ్మ ఎదురింటివాళ్లకు కూర పంపకుండా ఒక్కపూట ఉండలేని మనిషి. ఈ వాక్యం వింటే కాగితం మడిచి లింగమూర్తి చేతిలో పెట్టేస్తుందని నాకు తెలుసు. వరంగల్ కూడా ఆ కాగితంలోనే మడతపడిపోతుందని తెలుసు.

ఆ వాక్యం దాటేసి, తేదీ, సాక్షుల పేర్లు చదివాను. లింగమూర్తి నా మొహంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. అమ్మ బొటనవేలు ముద్ర వేసింది.

* * *

మేము చర్చి వెనక వాడలో ఒక గది అద్దెకు తీసుకుని మారాం. అమ్మకు పొద్దున నాలుగు గంటలకే మెలకువ వచ్చేది. చెయ్యడానికి పని లేక వాకిలి రెండుసార్లు ఊడ్చేది.

మే నెల సగంలో ఎల్లేశం వచ్చాడు. కమాన్‌పూర్ దగ్గరి మనిషి. ఇసుక కూలీలందరిలోకి గట్టిగా మాట్లాడగలవాడు. నేను అతన్నీ మామా అనే పిలిచేదాన్ని. గడపలో గొంతుక్కూర్చుని, “అక్కా, రేపటిసంది పని బంద్” అన్నాడు.

మార్చిలో ఇసుక కట్ట విరిగిపడి ఆగయ్య అనే ముసలాయన కాలు పోయింది. కాంట్రాక్టరు అతన్ని లారీలో ఎక్కించి ఊళ్లో దింపి రమ్మన్నాడు. అంతే. ఆగయ్యకు నష్టపరిహారం ఇవ్వాలి, లారీ నింపినందుకు ఇచ్చే రేటు పెంచాలి. కూలీలు అడిగింది ఈ రెండే.

“ఎన్ని దినాలంటవ్?” అని అడిగింది అమ్మ.

“మస్తంటె ఇరవై. వానలు పడి గోదారి వచ్చిందంటె ఇసుక ఎత్తేదేడ? ఆలోపల గని కాడి ఇసుక బంకర్లు నింపకుంటె కాంట్రాక్టరుకే నెత్తి మీదికొస్తది. గప్పటి లెక్కనే దిగొస్తడు.”

నాలుగేళ్ల కిందటి సమ్మె గురించి అతను అంటున్నది. అప్పుడు పంతొమ్మిది రోజులు పని ఆగింది. పంతొమ్మిది రోజులూ అమ్మ పైసా అడక్కుండా రెండు పూటలా పెట్టింది. పప్పుచారు పలచబడింది కానీ పొయ్యి ఆగలేదు. ఇరవయ్యో రోజు కాంట్రాక్టరు రేటు పెంచాడు. ‘రాహేలక్క బువ్వ గెలిపిచ్చింది’ అని కూలీలు చెప్పుకునేవాళ్లు.

“లింగమూర్తికి చెప్పిన్రా మరి?” అంది అమ్మ.

“చెప్పినం. అక్క పెట్టినట్టే పెడుత అన్నడు.”

అమ్మ ముఖం వెలిగింది. “నేను చెప్పలేదా, వాడు నా చేతి బువ్వ తిన్నోడు” అంది నాతో.

నాలుగు రోజులు లింగమూర్తి నిజంగానే పెట్టాడు. అయిదో రోజు బియ్యం అయిపోయాయన్నాడు. ఆరో రోజు పొద్దున మూడు లారీల నిండా మనుషులు దిగారు. పాలమూరు దిక్కు కరువు ఊళ్ల నుంచి కాంట్రాక్టరు తెప్పించిన కూలీలు. ఆడవాళ్ల చంకల్లో పిల్లలున్నారు. వాళ్లను నేరుగా ఏట్లోకి దింపి తట్టలు చేతికిచ్చారు.

లారీల దారి పొడవునా చాయ్ దుకాణాలవాళ్లూ, కిరాణావాళ్లూ సమ్మెవాళ్ల వైపే. ఎవరూ ఆ కొత్తవాళ్లకు ఏమీ అమ్మలేదు. “తిండి లేక ఎన్నొద్దులు ఎత్తుతరు? ఎల్లుండికి మర్లిపోతరు” అన్నాడు ఎల్లేశం.

ఆ మధ్యాహ్నమే, వాళ్లంతా మా మెస్సులో కూర్చుని తింటున్నారని వాడలో కబురు పాకింది.

* * *

అమ్మ చెప్పుల్లేకుండా బయల్దేరింది. ఎండకు కళ్లు తెరవలేకపోతుంటే నేను చెయ్యి పట్టుకుని నడిపించాను.

బోర్డు అలాగే ఉంది. కింద నాలుగు వరుసల్లో మనుషులు. మా పళ్లేలు, మా చెంబులు. పూలమ్మ డేక్సాలోంచి అన్నం తీసి వడ్డిస్తోంది. అమ్మను చూసి కూడా తలెత్తలేదు. ఆమె చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ వడ్డించింది.

గుమ్మం దగ్గర కూర్చున్న ఒక పాలమూరు ఆడమనిషి అమ్మను చూసి పక్కకు జరిగింది. చీర కొంగుతో నేల తుడిచింది. “కూకో అవ్వా. ఈడ అందరికీ పెడుతుండ్రు” అంది.

ఆమె పక్కన నాలుగేళ్ల పిల్ల రెండు చేతులతో అన్నం తోసుకుంటోంది. అమ్మ వంగి ఆ పిల్ల తల నిమిరింది. “తిను బిడ్డా, నువ్వు తిను” అని, లేచి లింగమూర్తి వైపు తిరిగింది.

“వీళ్లెవలు తమ్మీ?”

“ఆకలైనోళ్లు అక్కా.”

“ఎవలు తోలుకచ్చిన్రు?”

“గదంత నాకెందుకు? ఆకలని వచ్చినోన్ని ఊరు పేరు అడుగద్దని నువ్వే గద చెప్పింది. అడుగలే. పూలమ్మను తియ్యద్దంటివి, తియ్యలే. మారు బువ్వ కాదనద్దంటివి. సూడు, పిల్లలకు మూడోమారు గూడ పెట్టిస్తున్న. నీ మాట ఏం తప్పిన, చెప్పు?”

అతను వెటకారంగా అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు అన్నాడు. అమ్మ డేక్సా వైపు చూసి, “ఎల్లేశమోళ్లకు బియ్యం లెవ్వంటివి గద” అంది.

“నా బియ్యం అయిపోయినయి. ఇవి కాంట్రాక్టరు పంపిన బియ్యం. ఆయన పంపినోళ్లకే పెట్టాలె.”

“ఆయనతోటి కొట్లాడి బయటికొచ్చిన అంటివి.”

లింగమూర్తి గల్లా బల్ల మీద తడి మరకను బొటనవేలితో రుద్దాడు. “నా జీతమెంతనో నీకు తెల్వదా అక్కా? గింత మెస్సు కొనేటందుకు నాకు పైసలేడియి? ఎవలిస్తున్నరని నువ్వు ఒక్కమాట అడుగలే.”

“తమ్ముడవని అడుగలే” అంది అమ్మ.

అతని ముఖంలో సిగ్గు కనిపించింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదన్న తేలిక కూడా కనిపించింది. మేము వెనక్కి తిరుగుతుంటే, “ఎండల పడి వచ్చినవు. ఇంత తిని పోరాదు అక్కా” అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడని నాకనిపించింది. అందుకే ఎక్కువ అసహ్యం వేసింది.

దారిలో అమ్మ ఒక్కటే మాట అంది. “గంజులకు, రేకులకు గంత పెద్ద కాగితం ఎందుకు రాసిన్రో అనుకున్న.”

నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి పొడిగా, వేడిగా ఉంది. అప్పుడే చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

* * *

మర్నాడు పొద్దున్నే అమ్మ చర్చి అయ్యగారు జ్ఞానయ్య దగ్గరికి వెళ్లి, చర్చి ముందటి జాగాలో పొయ్యి పెట్టుకుంటానని అడిగింది. “కళ్లు పోతయి రాహేలూ” అన్నాడాయన. “ఇరవై దినాలే అయ్యగారూ. గన్ని దినాలకు పోవు” అంది.

వాడ ఆడవాళ్లు తలా ఒక సేరు బియ్యం తెచ్చి పోశారు. గని కార్మికుల క్వార్టర్ల నుంచి పెద్ద డేక్సా ఒకటి మోసుకొచ్చారు. ఎల్లేశం మనుషులు రాళ్లు పేర్చారు. బొగ్గు అంటుకుని పొగ లేవగానే అమ్మ కొంగు బిగించి గంటె పట్టుకుంది. అలా నవ్వడం నెల రోజుల్లో అదే మొదటిసారి. “ఉప్పు నేను సూసేదాక ఎవలూ ఎయ్యద్దు!” అని అరిచింది. ఎవరో ఈల వేశారు. సమ్మె కోసం ఊరి నుంచి వచ్చి, పాదం లేని కాలు చాపుకుని చర్చి మెట్ల మీద కూర్చున్న ఆగయ్య కూడా నవ్వాడు.

ఎసట్లో బియ్యం పడి పొంగు వస్తున్నప్పుడు లింగమూర్తి వచ్చాడు. వెంట పోలీసు జమేదారు. లింగమూర్తి చేతిలో కాగితం ఉంది.

“ఈమె ఇక్కడ వంట చెయ్యద్దని రాసుకున్నరట” అన్నాడు జమేదారు. పెద్దమనిషి, ఉర్దూ చదువు చదివినవాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, “నాకు తెలుగు సాఫ్‌గ రాదు. ఎవరన్న చదవండి. తర్వాత నన్ను అనద్దు” అన్నాడు.

“నా బిడ్డ సదువుతది. టీచరు కావడానికి పోతున్నది” అంది అమ్మ. ఆ మాటలో గర్వముంది.

కాగితం నా చేతికి వచ్చింది. నూట యాభై మంది నా చుట్టూ నిలబడి ఉన్నారు. రేకుల షెడ్డు, గంజులు, డేక్సాలు, బల్లలు, పేరుతో సహా అని చదివాను. అక్కడ ఆగాను.

“సదువు బిడ్డా” అంది అమ్మ.

చదివాను. పైకానికి గానీ, ఉచితంగా గానీ.

మొదట ఎవరికీ ఏమీ అర్థమైనట్టు లేదు. ఎసరు పొంగి బొగ్గుల మీద పడి చుయ్యిమంది. ఎల్లేశం రెండడుగులు ముందుకు వచ్చాడు.

“ఏందీ? ఉట్టిగ గూడ వండద్దని రాసిన్రా? బువ్వ అమ్ముకునేటోనికి ఉట్టి బువ్వ తోటి ఏం భయం?” అతను తనలో తానే లెక్క వేసుకుంటున్నట్టు ఆగి, లింగమూర్తి వైపు చూశాడు. “అంటె మేం పని బంద్ పెడుతమని ఏప్రిల్లనే ఎర్కన్నట్టు. అక్క మాకు పెట్టకుంట చెయ్యాలనే మెస్సు కొన్నరన్నట్టు.”

లింగమూర్తి జమేదారు వెనక్కి జరిగాడు. ఎల్లేశం అమ్మ వైపు తిరిగాడు. అతని గొంతు తగ్గిపోయింది.

“గిది ఇనే ఏలుముద్ర ఏసినవా అక్కా?”

అమ్మ నా వైపు చూసింది. ఆ కళ్లకు, ఆ పొగలో, నా ముఖం ఎంతవరకు కనిపించిందో తెలియదు. నేను కాగితం మీంచి తల ఎత్తలేదు. అది మాత్రం కనిపించే ఉంటుంది.

“ఏసిన” అంది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆగయ్య పక్కనున్నవాడి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎల్లేశం మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, “నడువుండ్రి” అన్నాడు. నూట యాభై మంది వెళ్లిపోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

జమేదారు ఇబ్బందిగా నిలబడి, “మంట తీసెయ్యమ్మా, కేసు వద్దు” అన్నాడు. అమ్మ బొగ్గులను ఒక్కొక్కటిగా పటకారుతో బయటికి తీసి నీళ్లు చల్లింది. డేక్సాలో బియ్యం సగం ఉడికి ఉంది.

ఇంటికి వచ్చాక, “అమ్మా...” అన్నాను.

“కళ్లు మండుతున్నయి. సల్ల నీళ్లు తేపో” అంది. తెచ్చాను. కళ్లు కడుక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను ఏమీ అడగలేదు. అడుగుతుందని నాలుగు రోజులు ఎదురుచూశాను, తర్వాత అడగదని అర్థమైంది.

* * *

సమ్మె ఇంకో పదకొండు రోజులు నడిచింది. కొందరు ఊళ్లకు పోయి జొన్నలు తెచ్చుకున్నారు. కొందరు మా వాకిలి ముందు నుంచే నడిచి వెళ్లి రామగుండం స్టేషను దగ్గర మూటలు మోశారు. ‘బిడ్డ సదువు కోసం కాంట్రాక్టరుకే అమ్ముకున్నదట’ అని నల్లా దగ్గర ఆడవాళ్లు అనుకోవడం నేను విన్నాను. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

జూన్ రెండో వారంలో వానలు మొదలయ్యాయి. గోదావరి ఎర్రగా వచ్చింది. అప్పటికే ఇసుక బంకర్లు నిండి ఉన్నాయి. కూలీలు అంతకు వారం ముందే పాత రేటుకు పనిలోకి పోయారు. ఎల్లేశాన్నీ, ఇంకో తొమ్మిది మందినీ మాత్రం తీసుకోలేదు. ఆగయ్యకు ఏమీ రాలేదు.

పాలమూరు వాళ్లను వచ్చిన లారీల్లోనే తిప్పి పంపించారు. ఆ వారంలోనే మెస్సు మూతపడింది. కాంట్రాక్టరుకు ఇక దానితో పని లేదు. పొయ్యిలు పగలగొట్టి, ఆ షెడ్డులో లారీ టైర్లు వేశారు. లింగమూర్తికి పాత గుమాస్తా పనే మళ్లీ దొరికింది. ఒకరోజు వానలో బంకర్ల దగ్గర గొడుగు కింద ట్రిప్పులు రాసుకుంటూ కనిపించాడు. నన్ను చూసి గొడుగు ముందుకు వంచుకున్నాడు.

పని పోయిన పూలమ్మ మా ఇంటికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

“నా కడుపు కోసం ఉన్న వదినె. వాళ్లకు వడ్డిస్తుంటె నా చెయ్యి నాది కానట్టుండె.”

“నిన్ను ఉంచుమని చెప్పింది నేనే గద వదినె. లోపలికి రా” అంది అమ్మ. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. తర్వాత అమ్మ మెల్లగా అంది. “గంజులు, రేకులు అమ్ముతున్న అనుకున్న. ఇన్నేండ్లు నన్ను నమ్ముకున్నోళ్లను గూడ అందుల కలిపి అమ్మిన. కొన్నోడు ఏం కొంటున్నడో వానికి ఎర్కనే ఉండె. నాకే లేకపాయె.”

నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. చేతిలో బట్ట అలాగే పట్టుకుని ఉండిపోయాను.

జూన్ చివర్లో వరంగల్ నుంచి ఉత్తరం వచ్చింది. జూలై రెండున చేరాలని, వెంట ఏమేం తెచ్చుకోవాలో అందులో ఉంది. అమ్మకు చదివి చెప్పాను. ఆమె విని, తలాడించి, ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది. సాయంత్రం జ్ఞానయ్య అయ్యగారి ఇంటికి పట్టుకెళ్లి ఆయనతో మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివించుకుంది. ఆ సంగతి ఆయన భార్య నాకు మామూలుగా చెప్పింది, నన్ను సాగనంపే తొందరలో అమ్మకు చాదస్తం పెరిగిందని నవ్వుతూ.

“నేను పోను అమ్మా” అన్నాను ఆ రోజు.

“పోవాలె” అంది అమ్మ. “పోకుంటె గదంత దేనికి జరిగినట్టు?”

* * *

రెండో తారీఖు పొద్దున రామగుండం స్టేషనుకు ఇద్దరం వచ్చాం. సన్నగా వాన తుంపర. అమ్మ తెల్లవారకముందే లేచి వండింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, ఒక పొట్లంలో చింతకాయ తొక్కు. అన్నీ కలిపి సద్దిమూట కట్టింది. మెస్సు అమ్మిన తర్వాత ఒక మనిషికి దారిబత్తెంగా ఆమె కట్టిన మొదటి మూట అది.

ప్లాట్‌ఫారం చివర ఎల్లేశం నిలబడి ఉన్నాడు. ఒక ట్రంకు పెట్టె, చాపచుట్ట. భివండిలో మగ్గాల పనికి పోతున్నాడని పక్కనున్నవాళ్లు చెప్పుకుంటున్నారు. మా బండే ఎక్కి కాజీపేటలో దిగి ఇంకో బండి పట్టుకోవాలి. అతని పెళ్లాం, పిల్లలు ఊళ్లోనే ఉండిపోయారట.

అమ్మ నా చేతిలోంచి మూట తీసుకుంది. కళ్లు చికిలించుకుని, మనుషులకు తగులుతూ, అతని దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

“ఎల్లేశం. దూరం పోతున్నవట. తొవ్వల తిను” అని మూట చాపింది.

అతను మూట వైపు చూశాడు. ఎనిమిదేళ్లు, రెండు పూటలా, ఆమె చేత్తో పెట్టింది తిన్నవాడు. ఒకప్పుడు రెండో మారు వడ్డించేదాకా లేవనివాడు.

“వద్దక్కా. ఆకలి లేదు.”

“ఇప్పుడే అంటలేను. బండిల తిను.”

“ఆకలి కాదక్కా” అన్నాడు. కోపంగా అనలేదు. చాపచుట్ట భుజానికి ఎత్తుకుని ఇంకొంచెం ముందుకు జరిగి నిలబడ్డాడు.

నేను అతనికీ అమ్మకూ మధ్య మూడడుగుల దూరంలో ఉన్నాను. మామా, ఆ రోజు అమ్మ ఆ వాక్యం వినలేదు, నేనే చదవలేదు. ఇంతే చెప్పాలి. మాటలన్నీ వరుసగా నోట్లోకి వచ్చి ఉన్నాయి. బండి కూత వినిపించింది. మనుషులు కదిలారు, పెట్టెలు లేచాయి. ఎవరో నన్ను తోశారు. నేను ఆ తోపులాటకే ఎదురుచూస్తున్నట్టు బండి వైపు నడిచాను.

కిటికీలోంచి అమ్మ మూటను నా ఒళ్లో పెట్టింది. “నువ్వన్న తిను” అంది. బండి కదిలాక కూడా ఇటే చూస్తూ నిలబడింది కానీ, నేను ఎక్కిన డబ్బా ఏదో అప్పటికే ఆమెకు పోల్చుకోవడం కష్టమై ఉంటుంది. పక్క డబ్బా వైపు చెయ్యి ఊపింది.

ఎల్లేశం ముందు డబ్బాల్లో ఎక్కడో ఎక్కాడు. మూట ఒళ్లో పెట్టుకుని పెద్దపల్లి దాటాను, జమ్మికుంట దాటాను. దాన్ని ముట్టుకోనని అనుకున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, పద్దెనిమిదేళ్ల వయసు. ఉప్పల్ స్టేషనులో బండి చాలాసేపు ఆగింది. అప్పుడు ముడి విప్పాను. రొట్టెలు ఇంకా మెత్తగా ఉన్నాయి. కూర ఎప్పటిలాగే ఉంది. ఒక్క తునక కూడా మిగల్చకుండా తిన్నాను.